దెబ్బ ఒక కణానికి, గాయం పక్క కణానికి

"రేడియేషన్ మోతాదు తక్కువే, పరిమితి దాటలేదు." జార్ఖండ్‌లోని జాదుగూడ అయినా, మన కడప జిల్లా తుమ్మలపల్లె అయినా, యురేనియం గనుల దగ్గర బతికేవాళ్లకు అలవాటైన జవాబు ఇది. జాదుగూడలో గని వ్యర్థాల చెరువుల పక్కన ఉన్నవి ఆదివాసీల ఊళ్లు. అందుకే ఈ "తక్కువ" అనే మాటను కాస్త విప్పి చూడాలి.

మోతాదు అంటే సగటు. శరీర భాగానికి అందిన శక్తిని దాని బరువుతో భాగిస్తే వచ్చే లెక్క. గనిలో పీల్చిన రేడాన్ వాయువు వల్ల ఊపిరితిత్తుల్లో ఆల్ఫా కిరణాలు వెలువడతాయి. ఇక్కడ తక్కువ మోతాదు అంటే అన్ని కణాలకూ తలా కొంచెం తగలడం కాదు. కొన్నింటికి గట్టి దెబ్బ తగులుతుంది, మిగతావాటికి అసలేమీ తగలదు.

తగలని కణాలు క్షేమమనే చాలాకాలం అనుకున్నారు. 1992లో నాగసావా, లిటిల్ అనే శాస్త్రవేత్తలు హామ్‌స్టర్ కణాల మీదికి ఆల్ఫా కిరణాలు పంపారు. కిరణం తగిలింది నూటికి ఒకటి కంటే తక్కువ కణాల కేంద్రకాలకు. క్రోమోజోముల్లో మార్పు కనిపించింది మాత్రం దాదాపు 30 శాతం కణాల్లో! దీన్నే బైస్టాండర్ ఎఫెక్ట్ అంటున్నారు.

మనిషి కణాల్లోనూ ఇది కనిపించింది. ఆనుకుని ఉన్న కణాల మధ్య కనెక్సిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన సన్నని దారులుంటాయి. దెబ్బతిన్న కణం నుంచి సంకేతాలు వాటిగుండా పక్కవాటికి చేరతాయి. ఆ దారులు మూసేస్తే పక్క కణాల స్పందన బాగా తగ్గిపోయింది. ఇంకో దారి కూడా ఉంది. 1997లో మదర్‌సిల్, సేమౌర్ రేడియేషన్ తగిలిన మానవ చర్మకణాలు పెరిగిన ద్రవాన్ని మాత్రమే తీసి, రేడియేషన్ తగలని కణాలకు పోశారు. వాటిలో బతికి పెరిగేవి తగ్గాయి. అంటే సంకేతం ద్రవంలో కలిసి కూడా వెళుతోంది.

ఇవన్నీ ప్రయోగశాల గిన్నెల్లో జరిగినవి. ఈ సంకేతాలే ఒక్కోసారి పాడైన కణాన్ని చంపి శరీరానికి మేలూ చేస్తాయి. సహజ రేడియేషన్ ఎక్కువగా ఉన్న కేరళ కరునాగపల్లి తీరంలో జరిగిన పెద్ద అధ్యయనంలో క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. కాబట్టి "ఫలానా జబ్బు దీనివల్లే" అనడానికి మనం దీన్ని వాడకూడదు. అలాగే, సగటు అంకె ఒకటి చూపించి "ఏమీ కాదు" అనే హక్కు అధికారులకూ లేదు. నాకు ఈ రెండోదే ముఖ్యం.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. గని లోపలి గాలిలో రేడాన్ ఎంత? ఊరి బావుల్లో యురేనియం ఎంత? డోస్ కొలిచే బ్యాడ్జి కాంట్రాక్టు కార్మికుడికి కూడా ఇస్తున్నారా? ఇస్తే, ఆ రికార్డు అతని చేతికి వస్తోందా?