తేళ్లకు పొడులు చల్లితే పోతాయా?

వానలు మొదలైతే చాలు, కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లల్లో తేళ్ల భయం మొదలవుతుంది. బొరియల్లోకి నీళ్లు చేరగానే అవి పొడి జాగా వెతుక్కుంటూ వంటింట్లోకో, గుసల్‌ఖానాలోకో వచ్చేస్తాయి. ఇక ఒక్కొక్కరు ఒక్కో పొడి చెబుతారు. నానీ పసుపు చల్లమంటుంది, పక్కింటావిడ సున్నం గీత గీయమంటుంది, ఫోన్‌లో వీడియో దాల్చినచెక్క పొడి అంటుంది.

పసుపు, వేపాకు పొడి, దాల్చినచెక్క, ఇవన్నీ వాసన మీద ఆధారపడినవే. ఘాటు ఉన్నంతసేపు తేలు పక్కకు తప్పుకుంటే తప్పుకోవచ్చు, చావదు. ఘాటు పోయాక అది ఉత్త దుమ్మే. చల్లితే నష్టం లేదు గానీ, ఆ భరోసాతో పసిబిడ్డను నేల మీద పడుకోబెట్టొద్దు. సున్నం సంగతి వేరు. పాకే పిల్లల కళ్లల్లో పడితే మంట కాదు, గాయమే అవుతుంది.

కాస్త పనిచేసే పొడి డయాటమేషియస్ ఎర్త్. నీళ్లల్లో బతికే అతి చిన్న జీవుల పెంకులు అడుగున పేరుకుని గట్టిపడితే, వాటిని తవ్వి పొడి చేస్తారు. చేతికి మెత్తగానే ఉంటుంది. కానీ పురుగు ఒంటి మీద ఉండే మైనం పొరను పీల్చేసి, గీరేస్తుంది. ఒంట్లో తేమ నిలవక పురుగు ఎండిపోతుంది. బొద్దింకల మీద బాగానే పనిచేస్తుంది. తేలు పెంకు మందం, దాని ఒంట్లోంచి తేమ అంత తేలిగ్గా పోదు, కాబట్టి ప్రభావం నెమ్మది. పైగా పొడి తడిస్తే పనిచేయదు. వానాకాలంలో బయట చల్లడం డబ్బు దండగ. గోడ పగుళ్లలో, గడప కింద సందుల్లో, కడప బండల మధ్య పలచగా వేయాలి. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్నదే కొనండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని చల్లండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని ముట్టుకోవద్దు.

క్యారమ్ బోర్డు మీద వేసే బోరిక్ పౌడర్ తేలును నేరుగా ఏమీ చేయదు. గోధుమపిండి, చక్కెరతో ఉండలు చేసి పెడితే బొద్దింకలు తిని చస్తాయి. తేళ్లకు బొద్దింకలే మేత. అయితే తేలు తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు, వెంటనే వెళ్లిపోతుందని అనుకోవద్దు. ఆ ఉండలు పిల్లల చేతికి అందితే విషమే. ఒకప్పుడు ఇళ్లల్లో విరివిగా చల్లిన గమాక్సిన్ జోలికి అసలు పోవద్దు. అందులోని లిండేన్ వాడకం మన దేశంలో నిషేధం.

నిజానికి పొడి కన్నా చీపురే ఎక్కువ పని చేస్తుంది. గోడవారగా పేర్చిన ఇటుకలు, కట్టెలు, పాత చెప్పులు తీసేయండి. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించండి. తేలు నున్నటి గాజు మీద ఎక్కలేదు, అందుకే మంచం కోళ్లను గాజు సీసాల్లో పెట్టొచ్చు. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే చీకట్లో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఫజర్‌కు లేచినప్పుడు చెప్పులు దులిపి తొడుక్కోండి. పడుకునే ముందు పక్క దులపడం ఎలాగూ సున్నతే. తేలు కనబడితే చంపడానికి వెనకాడక్కర్లేదు, నమాజులో ఉన్నా చంపమని హదీసులో ఉంది.

కుట్టినప్పుడు తేడా తెలియాలి. పెద్ద డెక్కల నల్ల తేలు కుడితే సాధారణంగా నొప్పి ఎక్కువ, ప్రమాదం తక్కువ. సన్న డెక్కల ఎర్ర తేలు చిన్నదే, కానీ పిల్లల ప్రాణం తీయగలదు. చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం, ఆయాసం కనబడితే విషం గుండె మీద పనిచేస్తోందన్నమాట. దానికి ప్రజోసిన్ అనే బీపీ మాత్ర ప్రాణం నిలుపుతుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మాత్ర డాక్టరే ఇవ్వాలి, ఇంట్లో వేయకండి.

దువా చదవండి, దమ్ చేయించండి, అది 108 బండి వచ్చేలోపు, లేదా దారిలో. కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, నోటితో పీల్చొద్దు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. కుట్టిన టైమ్, తేలు రంగు గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. తేలును పట్టుకోవడానికని ఆలస్యం చేయొద్దు.