తాకితేనే తెలిసే గాయం

సమాజశాస్త్రం మీద మాట్లాడమని పిలిస్తే ఇటీవల సూర్యాపేటలోని ఒక నర్సింగ్ కళాశాలకు వెళ్ళాను. ఎదురుగా రెండో సంవత్సరం బీఎస్సీ విద్యార్థినులు యాభై మందికి పైగా ఉన్నారు. వార్డులో మీకు అన్నిటికన్నా కష్టమనిపించిన పని ఏమిటని అడిగాను. సూది వేయడమనో, మొదటిసారి మరణాన్ని చూడడమనో చెబుతారనుకున్నాను. మూడో వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "పేరు చెప్పడం సార్" అంది.

పురుషుల వార్డులో పక్షవాతంతో పడి ఉన్న ఒక పెద్దాయనకు ఆమె మంచం మీదే ఒళ్ళు తుడవాలి. గోరువెచ్చని నీళ్ళు, తువ్వాలు, సబ్బు సిద్ధం చేసుకుని వెళ్ళింది. పేరేమిటని ఆయన అడిగాడు, చెప్పింది. "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు, చెప్పింది. "ఎవరి బిడ్డవు?" తండ్రి పేరు చెప్పింది. "మీరేమోళ్ళు?" అన్నాడు. అదీ చెప్పింది. ఆయన తిట్టలేదు, ముఖం చిట్లించలేదు. "ఇయ్యాల నీళ్ళొద్దులే బిడ్డా, సలి పెడతది" అన్నాడు. మర్నాడు ఇంకో అమ్మాయి అదే నీళ్ళతో వెళ్తే ఆయనకు చలి పెట్టలేదు. లాగ్‌బుక్‌లో సంతకం కోసం వెళ్ళినప్పుడు ఈ అమ్మాయితో బోధకురాలు అన్న మాట ఒక్కటే: "వేరే పేషెంటును తీసుకో."

ఆ బోధకురాలిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అలాంటి ఘడియలో ఏం చేయాలో ఆమెకూ ఎవరూ నేర్పలేదు. నా ప్రశ్న ఆ నేర్పకపోవడం గురించి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చింది. ఒకప్పటి మెడికల్ సర్జికల్ నర్సింగ్ ఇప్పుడు అడల్ట్ హెల్త్ నర్సింగ్ అయింది. మూడు, నాలుగు సెమిస్టర్లలో రెండు భాగాలుగా దీన్ని బోధిస్తారు. ఒక్కో భాగానికి 480 గంటల క్లినికల్ శిక్షణ ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలిన గాయాలు, కేన్సర్, వృద్ధుల సంరక్షణ అన్నీ అందులో ఉన్నాయి. మొదటి సెమిస్టర్‌లో అప్లైడ్ సోషియాలజీ ఉంది, అందులో కులం ఉంది. నాలుగో సెమిస్టర్‌లో వృత్తి విలువలు, నీతి ఉన్నాయి. అంటే కులమూ ఉంది, రోగీ ఉన్నాడు, నీతీ ఉంది. ఆ మూడూ ఒకే మంచం దగ్గర కలుసుకుంటాయన్న ఎరుక మాత్రం బోధనలో కనబడదు. మొదటి సెమిస్టర్ పరీక్షలో కులం ఒక అయిదు మార్కుల జవాబుగా ముగుస్తుంది. మూడో సెమిస్టర్‌లో అదే కులం మంచం మీద పడుకుని "మీరేమోళ్ళు?" అని అడుగుతుంది.

పసిబిడ్డ నర్సు కులం అడగడు. పురిటి నొప్పుల్లో ఉన్న స్త్రీకి అడిగే వ్యవధి ఉండదు. అడిగేది వయోజన రోగి. అతడు జబ్బుతో పాటు ఊరిని, వాడను, ఇంటిపేరును, యాభై ఏళ్ళ అలవాటును వెంటబెట్టుకుని వస్తాడు. అందువల్ల వయోజన సంరక్షణలో కులం పరిచయ వాక్యానికి పరిమితం కావలసిన సామాజిక నేపథ్యం కాదు, నేరుగా వైద్య విషయం.

ఎలాగో ఒక్క ఉదాహరణ చూద్దాం. కదలలేని రోగికి నడుము కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర ఒరిపిడి పుండ్లు పడతాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వాటిని ఆపే మొదటి ఉపాయమని విద్యార్థులకు నేర్పుతారు. పుండు పడబోతోందనడానికి తొలి గుర్తు చర్మం ఎర్రబడడం అని పుస్తకం చెబుతుంది. కానీ ఆ పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు తెల్లని చర్మానివి. ఎండలో నాట్లు వేసి, హమాలీ మూటలు మోసి నల్లబడిన ఒంటి మీద ఆ ఎరుపు కంటికి కనబడదు. చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల చర్మం కన్నా అక్కడ వెచ్చగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా అన్నది వేళ్ళకే తెలుస్తుంది. తాకని నర్సుకు ఆ గాయం తెలియదు. తాకనివ్వని రోగికి కూడా ఆ గాయం తప్పదు. అంటరానితనం నైతికంగా తప్పని రాజ్యాంగంలోని 17వ అధికరణం ఎప్పుడో చెప్పింది. నర్సింగ్ తరగతి చెప్పవలసింది ఇంకొకటి ఉంది: అది వైద్యపరంగా కూడా తప్పు.

ఈ తప్పు కొత్తది కాదు. వైద్యానికి నాలుగు పాదాలని చరక సంహిత లెక్కించింది: వైద్యుడు, ఔషధం, ఉపచారం చేసేవారు, రోగి. గ్రంథంలో సేవకు ఒక పాదమంత స్థానం ఇచ్చిన సమాజమే ఆచరణలో దాన్ని పాదాల దగ్గర పెట్టింది. బిడ్డను భూమ్మీదకు తెచ్చిన మంత్రసాని చేతిని పురిటిగది దాటి లోపలికి రానివ్వలేదు. నెత్తురు, మలమూత్రాలు, చీము తాకే పని ఎవరిదో వైద్యం నిర్ణయించలేదు, కులం నిర్ణయించింది. అందుకే ఆధునిక నర్సింగ్ ఈ దేశానికి వచ్చినప్పుడు ఆ వృత్తిలోకి రావడానికి సవర్ణ కుటుంబాలు వెనకాడాయి. ముందుకు వచ్చినవారిలో మిషన్ ఆసుపత్రుల నీడన చదువుకున్న క్రైస్తవ యువతులు ఎక్కువ. నల్లగొండ ప్రాంతంలోనూ బాప్టిస్టు మిషన్లు బడులతో పాటు వైద్యాన్ని తెచ్చాయి. 1946లో భోర్ కమిటీ లెక్క తీసేనాటికి బ్రిటిష్ ఇండియా అంతటా ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43 వేల మందికి ఒకరు. ఆ కొరతకు పేదరికం ఒక కారణమైతే, తాకడం పట్ల మనకున్న ఏవగింపు ఇంకొక కారణం.

ఇప్పుడు పరిస్థితి మారింది. సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి ఒకేసారి నియామక పత్రాలు అందాయి. నేను మాట్లాడిన తరగతిలో చాలామంది దళిత, గిరిజన, బీసీ కుటుంబాల నుంచి వచ్చినవారే, సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవారే. వాళ్ళ తల్లుల్లో కొందరు ఆసుపత్రుల్లోనే ఆయాలుగా, పారిశుద్ధ్య కార్మికులుగా పనిచేస్తున్నారు. కూతురు ఆఫీసర్ కావడమంటే ఆ తల్లికి అర్థం ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రోగికి ఒళ్ళు తుడవడం, నోరు శుభ్రం చేయడం, బెడ్‌పాన్ పెట్టడం నర్సింగ్ మొదటి పాఠాలు. వార్డులో మాత్రం అవి మెల్లగా నర్సు చేతి నుంచి జారి ఆయా మీద, ఆమె నుంచి రోగి వెంట వచ్చిన భార్య మీద, కూతురి మీద పడతాయి. ఆయా ఏజెన్సీ కింద పొరుగు సేవల ఉద్యోగి. ఆమె కులం ఏదై ఉంటుందో మన ఊహకు సులభంగానే అందుతుంది. కులం పనిని విభజించి ఊరుకోదని, పనిచేసే మనుషులనే అంతస్తులుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే వాదించాడు. ఆ మాటకు రుజువు కావాలంటే ఒక పగలంతా ఏదైనా జనరల్ వార్డులో కూర్చుంటే చాలు.

దీనికి తేలికైన పరిష్కారం ఒకటి చెబుతుంటారు: సేవ పవిత్రమైనది, బెడ్‌పాన్ ఎత్తడంలో చిన్నతనం లేదు, అమ్మాయిలకు ఆ విలువ నేర్పండి అని. నేను ఆ మాట అనలేను. తరతరాలుగా ఆ పనికే కట్టిపడేసిన కుటుంబాల నుంచి చదువుకుని వచ్చిన అమ్మాయికి, ఆ పనిలోని పవిత్రతను వివరించే అర్హత నాకు లేదు. ఆమె దాని నుంచి దూరం జరగాలనుకోవడంలో అహంకారం లేదు, జ్ఞాపకం ఉంది. చేయవలసింది పనిని పొగడడం కాదు, పంచడం. ఒళ్ళు తుడిచే వంతు, బెడ్‌పాన్ వంతు చీటీ వేసి అందరికీ రావాలి. సవర్ణ విద్యార్థినికీ, వార్డుకు వచ్చే పురుష విద్యార్థికీ, చేసి చూపించే బోధకురాలికీ రావాలి. ఆ పని అందరిదీ అయిననాడే అది ఎవరి కులానికీ గుర్తు కాకుండా పోతుంది.

ఆసుపత్రిలోకి అడుగుపెడితే కులం గుమ్మం బయటే ఆగిపోతుందని నమ్మేవారికి మిర్యాలగూడను గుర్తుచేయాలి. 2018 సెప్టెంబర్ 14న గర్భవతి అయిన భార్యను పరీక్షలకు తీసుకొచ్చి వెనుదిరుగుతున్న ప్రణయ్‌ని చంపింది ఆసుపత్రి ముంగిట్లోనే. అతడు దళితుడు కావడం, ఆమె కాకపోవడం అందుకు కారణం. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు విధించింది. తీర్పు వచ్చింది కానీ ఆ గుమ్మం పాఠం మన తరగతుల్లోకి రాలేదు. ఆ పట్టణంలో శిక్షణ పొందే ప్రతి నర్సుకూ తెలియవలసిన సంగతి ఒకటుంది: తన వార్డుకు వచ్చే స్త్రీకి భయం జబ్బు వల్లే కాకపోవచ్చు. సొంత మనుషుల వల్ల కూడా ప్రాణభయం ఉండవచ్చు. ఆమె వివరాలను, ఆమె వచ్చే తేదీని ఎవరికీ చెప్పకుండా కాపాడడం కూడా సంరక్షణే.

కోదాడది ఇంకో అనుభవం. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న ఊరు కావడంతో తలకు దెబ్బ తగిలి స్పృహలేని స్థితిలో వచ్చే వయోజనులు అక్కడి నర్సులకు కొత్త కాదు. స్పృహలేని మనిషి కులం అడగడు. రక్తం ఎక్కించుకునేటప్పుడు ఎవరూ కులం అడగరని మనం సభల్లో తరచూ చెప్పుకుంటాం. నిజమే. రక్తం సంచిలో వస్తుంది, ఆ సంచి మీద ఇంటిపేరు ఉండదు. మంచినీళ్ళ గ్లాసు మాత్రం మనిషి చేతిలో వస్తుంది. తెలివి వచ్చాక ఆ గ్లాసు దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయని అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థిని చెల్లెలు చెప్పింది. "కిరస్తానీలం అని చెప్పి తప్పించుకుంటాం సార్, అది విన్నాక కూడా కొందరు అసలు కులమేందని అడుగుతరు" అంది. ఆమె జీతం ఎంతో అడిగితే నవ్వి ఊరుకుంది. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల వేతనాలపై కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఆదేశించింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. చిన్న పట్టణాల్లో ఆ సిఫారసు కాగితాన్ని దాటి రాలేదు. గౌరవం లేని చోట వేతనం కూడా తగ్గడం యాదృచ్ఛికం కాదు.

ఇంతవరకూ రోగి నర్సును అడిగే ప్రశ్న గురించి రాశాను. రెండో వైపు కూడా చూడాలి. మన భాషలో "నువ్వు", "మీరు" అని రెండు మాటలున్నాయి. ఇస్త్రీ చొక్కాతో వచ్చిన యాభై ఏళ్ళ మనిషి "మీరు" అవుతాడు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన డెబ్బై ఏళ్ళ మనిషి "నువ్వు" అవుతాడు. కొంగు నెత్తిన కప్పుకున్న ముసలమ్మకు ఆ "నువ్వు" కూడా ఉండదు, "ఏయ్, జరుగు" అన్నదే పిలుపు. దళిత విద్యార్థిని నోట కూడా ఈ తేడా వినబడుతుంది. వార్డు ఆమెకు నేర్పిన వ్యాకరణం అది. "నువ్వు" అయిన రోగి తన నొప్పిని పూర్తిగా చెప్పడు. మందు ఎలా వేసుకోవాలో తెలియకపోయినా తలూపి వెళ్ళిపోతాడు. నెల తిరిగేసరికి చక్కెర జబ్బు పుండుతో కాలు నల్లబడి మళ్ళీ వస్తాడు.

చేయగలిగిన పనులు పెద్దవి కావు. అడల్ట్ హెల్త్ నర్సింగ్ ప్రయోగశాలలో బొమ్మ మీద సూది వేయడం నేర్పినట్టే, "మీరేమోళ్ళు?" అనే ప్రశ్నను ఎదుర్కోవడం కూడా అభినయించి నేర్పాలి. సంరక్షణను నిరాకరించే హక్కు రోగికి ఉంది. కులం చూసి ఇంకొకరిని పంపించుకునే హక్కు మాత్రం లేదు. స్త్రీ రోగి స్త్రీ నర్సును కోరడానికీ దీనికీ ఉన్న తేడాను నీతి పాఠంలో విడమరిచి చెప్పాలి. అలా నిరాకరించినప్పుడు విద్యార్థినిని మార్చకూడదు. బోధకురాలు ఆమె పక్కన నిలబడి, "మీకు సేవ చేసేది ఈమే" అని చెప్పాలి, జరిగింది నమోదు చేయాలి. రోగి వివరాల పత్రంలో "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అనే ఒక గడి చేర్చాలి. కులం చూసి ఆసుపత్రిలోకి రానివ్వకపోవడాన్ని 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్ నేరంగా ప్రకటించింది. ఆ సంగతి ప్రతి నర్సుకూ తెలియాలి. ఆ సెక్షన్ రాసినవారి ఊహలో బాధితుడు రోగి. బాధితురాలు నర్సే అయ్యే రోజు వారి కళ్ళకు ఆనలేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ స్థానంలో కొత్త జాతీయ కమిషన్ ఏర్పాటుకు 2023లో చట్టం వచ్చింది. ఆ కమిషన్ పాఠ్యప్రణాళికను తిరగరాసేటప్పుడైనా ఈ ఖాళీని పూరించాలి.

తరగతి ముగిశాక ఆ అమ్మాయి తలుపు దగ్గర ఆగింది. "మళ్ళీ అడిగితే ఏం చెప్పాలి సార్?" అంది. నిజం చెప్పమంటే ఆమెకు అవమానం, అబద్ధం చెప్పమంటే నాకు సిగ్గు. ఏదో సర్దిచెప్పి బస్సెక్కాను. దారంతా ఆలోచిస్తే తోచింది ఒక్కటే. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసింది ఇరవై ఏళ్ళ ఆ అమ్మాయి కాదు. ఆమెను నీళ్ళ గిన్నెతో ఒంటరిగా ఆ మంచం దగ్గరకు పంపిన మనందరం.