టవల్‌తో మొదలైన జర్మన్

మా నాన్నది షోలాపూర్‌లో పవర్‌లూమ్ పని. నేను నర్సింగ్ చదివాను. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ పాసవ్వాలి. అందుకే నేర్చుకుంటున్నా.

ఇంట్లో వస్తువులతోనే మొదలుపెట్టాను. "హాంట్" అంటే చెయ్యి, "టూఖ్" అంటే గుడ్డ. రెండూ కలిపితే "హాంట్‌టూఖ్", అంటే మనం నేసే టవలే! నేతగాడు "వేబర్".

మనవాళ్లకు ఈ భాష మరీ పరాయిది కాదండీ. 21ని వాళ్లు "ఒకటీ ఇరవై" అంటారు. మరాఠీ "ఏక్‌వీస్" కూడా అంతేగా. మూడు లింగాలూ మరాఠీలో ఉన్నవే. "మేడ్షెన్" అంటే అమ్మాయి, కానీ నపుంసకలింగం. నవ్వొస్తోందా? మనం "అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది" అనమూ?

సినిమాల్లో 1998 నాటి "లోలా రెన్ట్" చూడండి. ఇరవై నిమిషాల కథే మూడుసార్లు నడుస్తుంది, చెవికి మాట అలవాటవుతుంది.

ఇక మాట్లాడటం. "హాబెన్ జీ ష్మెర్ట్సెన్?" అంటే "నొప్పిగా ఉందాండీ?" అని. "జీ" అంటే మీరు, "డు" అంటే నువ్వు. పెద్ద వయసు రోగిని "డు" అనకూడదు. ఆ మర్యాద మనకొకరు నేర్పాలా?

ఏజెంటుకు డబ్బు కట్టేముందు పిల్లల చేత రోజూ పది వాక్యాలు పైకి చెప్పించండి. పరీక్షలో మాట్లాడే భాగమూ ఉంటుంది. దాన్ని ఏ ఏజెంటూ మన బదులు రాయలేడు.