మనోవర్తి: కాగితము నుండి కంచమునకు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో సొమ్ము చేతి కందుట పంటను బట్టి యుండును. పత్తి తీతల దినములలో కొంత, ఎండుమిరప గుంటూరు యార్డునకు చేరినప్పుడు మరికొంత. బిడ్డ ఆకలి మాత్రము పంటకాలము నెరుగదు. విడిచిపోయిన తండ్రి నెలనెలా మనోవర్తి యీయవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పిన పిమ్మటను, తల్లి బిడ్డను వెంటబెట్టుకొని మిరపకోతలకు పోవలసివచ్చుట యెందుకు? తీర్పు వేరు, వసూలు వేరు.

బిడ్డను పోషింపని తండ్రిపై మనోవర్తి విధించు అధికారము మేజిస్ట్రేటుకు 1898 నాటి నేరవిచారణ స్మృతిలోనే ఉండెను. 1973 నాటి స్మృతి 125వ సెక్షను దానిని నిలిపినది. నెలకు 500 రూపాయలు మించరాదన్న హద్దును 2001లో తొలగించిరి. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను దాని స్థానమున అమలులో నున్నది.

అమెరికాలో 1975 నుండి ఇట్టి వసూలునకు ప్రత్యేక ప్రభుత్వ యంత్రాంగ మున్నది. మన దేశమున అట్టిది లేదు. బాకీ పడినచో తల్లియే తిరిగి అర్జీ పెట్టుకొనవలెను. అప్పుడు మేజిస్ట్రేటు, జరిమానా వసూలు చేయు రీతిని, చరాస్తి జప్తుకు వారంటు జారీచేయవచ్చును; లేదా కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయివలె రాబట్టవచ్చును. శిస్తు బకాయి యన నేమో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. అప్పటికిని చెల్లింపనిచో, బాకీపడిన ఒక్కొక్క నెలకు ఒక నెల వరకు ఖైదు విధింపవచ్చును. ఖైదు అనుభవించినంత మాత్రమున బాకీ తీరదని 1988లో కుల్దీప్ కౌర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

చిక్కులు లేకపోలేదు. పొలము తాత పేరనే యుండవచ్చును. తండ్రి కౌలుదారు కావచ్చును. అప్పుడు జప్తుకు వచ్చినవారికి ఏమియు దొరకదు. అంతకంటె పెద్ద చిక్కు గడువు. సొమ్ము చెల్లవలసిన నాటినుండి ఏడాదిలోగా అర్జీ పెట్టనిచో ఆ బాకీకి ఈ వారంటు దారి మూసికొనిపోవును. "పంట రాగానే ఇత్తును" అన్న మాట నమ్మి రెండు పంటలు వేచిన తల్లి నష్టపోవునది ఇచ్చటనే. అడగనిదే అమ్మయినా పెట్టదందురు. అడగనిదే చట్టమును పెట్టదు.

అడుగుటకు డబ్బు అడ్డు కానక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును, ఆదాయముతో నిమిత్తము లేకయే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ న్యాయవాదిని ఏర్పరచును.

మిరపకోతల వేళ హాజరుపట్టీలో ఖాళీపడిన పేరును మొదట చూచువాడు ఉపాధ్యాయుడు. ఆ తల్లి కనబడినప్పుడు, "అమ్మా, తీర్పు నకలు ఉన్నదా? ఎన్ని నెలల బాకీ?" అని ఆయన అడిగినచో, ఏడాది దాటకముందే ఆమె కోర్టు మెట్లెక్కగలదు.