టీకా భయం, పేగుల డాక్టరు గారి కేసు

"తట్టు టీకా వేయిస్తే బిడ్డకు మాటలు రావంటగా?" అని మన పిల్లల ఓపీలో ఇప్పటికీ కొందరు తల్లులు అడుగుతుంటారు. ఎవరు చెప్పారమ్మా అంటే, ఫోనులో వచ్చిందంటారు. ఈ భయం మన ఊళ్లో పుట్టింది కాదు, 1998లో లండన్‌లో పుట్టింది. అందులో చిక్కుకున్న ఒక పిల్లల డాక్టరు గారి సంగతి మన పాఠకులు తెలుసుకోవాలని ఈసారి రాస్తున్నాం.

ఆయన పేరు జాన్ వాకర్-స్మిత్. ఆస్ట్రేలియాలో వైద్యం చదివి లండన్‌లో స్థిరపడ్డారు. పిల్లల పేగుల జబ్బులకు ప్రత్యేక వైద్యం అనేది ఇంకా కుదురుకోని రోజుల్లో దానికి పునాది వేసినవారిలో ఆయనొకరు. గోధుమ పడక వచ్చే సీలియాక్ జబ్బు, ఆవుపాలు పడకపోవడం ఆయన బాగా పరిశీలించిన విషయాలు. గోధుమలోని గ్లూటెన్ పడని పిల్లల్లో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. పొట్ట ఉబ్బుతుంది, చేతులూ కాళ్లూ పుల్లల్లా అయిపోతాయి. (మన దగ్గర ఇలాంటి బిడ్డను చూసి దిష్టి తగిలిందంటారు.) ఆ రోజుల్లో పేగు పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే జబ్బు రూఢి అయ్యేది. అందుకే ఇలాంటి పరీక్షలు ఆయనకు రోజువారీ పని.

1995లో ఆయన రాయల్ ఫ్రీ ఆసుపత్రికి మారారు. అక్కడ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు ఉన్నారు. ఆటిజంతో పాటు కడుపు బాధలున్న పిల్లలు ఆ ఆసుపత్రికి వచ్చారు. వారికి పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూశారు, కొందరికి వెన్నులోంచి నీరు తీశారు. 1998 ఫిబ్రవరిలో 12 మంది పిల్లల గురించి 'లాన్సెట్' పత్రికలో వ్యాసం వచ్చింది. రాసినవారు 13 మంది. వేక్‌ఫీల్డ్ మొదటి పేరు, వాకర్-స్మిత్ కూడా అందులో ఉన్నారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ సంబంధం రుజువైందని ఆ వ్యాసం చెప్పలేదు. కానీ వేక్‌ఫీల్డ్ విలేకరుల ముందు మూడు టీకాలూ విడివిడిగా వేస్తే మేలన్నారు. అంతే, జనం హడలిపోయారు. ఇంగ్లండ్‌లో 92 శాతం దాకా ఉన్న టీకా 2003-04 నాటికి 80 శాతానికి పడిపోయింది.

టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న లాయర్ల నుంచి వేక్‌ఫీల్డ్‌కు డబ్బు ముట్టిందని 2004లో బ్రయన్ డీర్ అనే విలేకరి బయటపెట్టారు. ఆ ఏడాదే వాకర్-స్మిత్‌తో సహా పది మంది రచయితలు, టీకాతో ముడిపెట్టిన మాటను వెనక్కి తీసుకున్నారు. 2007లో జనరల్ మెడికల్ కౌన్సిల్ విచారణ మొదలై 217 రోజులు సాగింది. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్నే రద్దు చేసింది. మే నెలలో వేక్‌ఫీల్డ్‌తో పాటు, అప్పటికే రిటైరైన వాకర్-స్మిత్ పేరు కూడా డాక్టర్ల రిజిస్టరు నుంచి కొట్టేశారు.

ఆయన హైకోర్టుకు వెళ్లారు. అక్కడ అసలు ప్రశ్న ఒక్కటే. ఆ పరీక్షలు బిడ్డ వైద్యం కోసమా, పరిశోధన కోసమా? పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే కావాలి. వైద్యం అయితే డాక్టరు తన బుద్ధికి తోచినట్టు నిర్ణయించవచ్చు. వైద్యమే చేశానని ఆయన మొదటి నుంచీ అంటున్నారు. ఆయన ఏ ఉద్దేశంతో చేశారన్నది కౌన్సిల్ సరిగా తేల్చలేదనీ, కారణాలు పైపైన రాసిందనీ జడ్జి మిట్టింగ్ గారు 2012 మార్చిలో ఆ తీర్పు కొట్టేశారు. అప్పటికి డాక్టరు గారికి 75 ఏళ్లు. పేరు తిరిగి వచ్చింది గానీ, పోయిన సంవత్సరాలు ఎవరిస్తారు?

ఇక్కడ కొందరు పొరబడతారు. డాక్టరు గారు గెలిచారు కాబట్టి టీకా మీద అనుమానం నిజమేనంటారు. అది తప్పు. ఆ సిద్ధాంతాన్ని సమర్థించే గౌరవనీయమైన వైద్య అభిప్రాయం ఏదీ ఇప్పుడు లేదని ఆ తీర్పులోనే ఉంది. వేక్‌ఫీల్డ్ పేరు తిరిగి ఎక్కలేదు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను గమనించి 2019లో వెలువరించిన అధ్యయనంలోనూ ఎం.ఎం.ఆర్. వల్ల ఆటిజం పెరిగిన దాఖలా లేదు. తట్టు మాత్రం తిరిగి వచ్చింది. 2012-13లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో వెయ్యికి పైగా కేసులు నమోదయ్యాయి, ఒక యువకుడు చనిపోయాడు.

మన రాష్ట్రాల్లో 2017 నుంచి తట్టు-రుబెల్లా టీకా వేస్తున్నారు. 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. వారం పది రోజులకు కొద్దిగా జ్వరమో, దద్దురో రావచ్చు, తగ్గిపోతుంది. రెండోది మరిచిపోయినవారు కార్డు తీసుకుని రండి. అలాగే, ఏ ఆసుపత్రిలోనైనా మీ బిడ్డకు పెద్ద పరీక్ష రాస్తే, ఇది వైద్యం కోసమా పరిశోధన కోసమా అని అడగండి. మమ్మల్నీ అడగండి. సంతకం పెట్టే ముందే అడగండి.