కరచు కుక్క: రోగమా? గుణమా?

వరంగల్ ప్రాంతపు రైతునకు కుక్క విలాసవస్తువు కాదు. మిరప కల్లము వద్దను, గొర్రెల మంద వద్దను, బావి మోటారు వద్దను రాత్రియెల్ల కాపలా కాయునది అదియే. ఎద్దు కుంటినచో ఆనాడే పశువైద్యుని పిలుచు రైతు, కుక్క నెలల తరబడి గోకుకొనుచున్నను, ఇంటివారి మీదికే ఉరుకుచున్నను “దాని గుణమే అంత” అని ఊరకుండును. అది గుణము కాకపోవచ్చును. కుక్క కోపము వెనుక తరచుగా బాధ దాగియుండును. కాబట్టి కర్ర యెత్తుటకు ముందు రోగమున్నదేమో చూడవలెను.

మొదట చూడవలసినది

నిన్నటి వరకు సాధువుగా నున్న కుక్క నేడు తాకగానే గుర్రుమనినచో, ఎక్కడ తాకినప్పుడు అట్లు చేయుచున్నదో గమనింపుడు. చెవిలో చీము పట్టిన కుక్క తల ఒక ప్రక్కకు వంచి చెవులు విదల్చును. పంటి బాధ గల కుక్క మేత వద్దకు వచ్చి తినలేక మరలిపోవును. ముసలి కుక్కకు చూపు, వినికిడి తగ్గును. నిద్రలో తాకినచో ఉలికిపడి కరచును. దానిని దూరమునుండి పిలిచి లేపవలెను. ఈ మార్పులను తేదీలతో ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొనినచో వైద్యునకు సగము పని తీరును.

పిచ్చికుక్క రోగము

రేబీస్ అను ఈ రోగమును వేరుగా ఎంచవలెను. చొంగ కారుట, దవడ జారుట, గొంతు మారుట, కర్రలను రాళ్లను కొరుకుట, చీకటిలో నక్కియుండుట దీని చిహ్నములు. గొంతులో ఎముక చిక్కినదని తలచి నోట చేయి పెట్టరాదు. కుక్కను తాకక ఒక గదిలో మూసి వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. లక్షణములు కనిపించిన పిమ్మట దీనికి చికిత్స లేదు. ముందుగా టీకాయే రక్షణ. మూడవ నెలలో మొదటి టీకా, ఒక నెల గడచిన పిమ్మట రెండవది, ఆపైన ఏటేటా ఒకటి వేయించవలెను.

గజ్జి, గోమార్లు

గజ్జి పట్టిన కుక్కకు నిద్ర ఉండదు. నిద్ర లేని కుక్కకు ఓర్పు ఉండదు. కాలిన ఇంజను నూనె పూయుట హానికరము. కుక్క దానిని నాకును. పత్తి చేనుకు కొట్టు పురుగుమందును ఎన్నడును పూయరాదు. అది చర్మము గుండ ఒంటికెక్కి కుక్కను చంపగలదు, పూసినవారికిని ప్రమాదమే. వైద్యుడిచ్చిన మందును చెప్పినన్ని వారములు వాడవలెను. వెండ్రుకలు మొలుచుట చూచి మధ్యలో మానినచో రోగము తిరుగబెట్టును.

గోమార్లను కుక్క ఒంటిపై మాత్రమే వెదకినచో చాలదు. ఆడ గోమారు రక్తము త్రాగి క్రిందికి రాలి గోడ పగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. పగుళ్లు పూడ్చి, కుక్క పడుకొను గోనెలను మార్చవలెను. చిగుళ్లు పాలిపోవుట, చిక్కిపోవుట, ముక్కు వెంట రక్తము కారుట గోమార్ల వలన వచ్చు జ్వరపు చిహ్నములు కావచ్చును, రక్తపరీక్ష చేయించవలెను.

దుర్గుణములు మాన్పుట

దేహములో రోగము లేదని తేలిన పిమ్మట అలవాట్లను చూడవలెను. పగలంతయు పొట్టి గొలుసుతో ఎండలో కట్టిన కుక్క కోపిష్టి యగును. నీడ, నీరు, పొడవైన త్రాడు, ఉదయము సాయంకాలము కొంత నడక ఏర్పరచుడు. గుర్రుమనుట కుక్క ఇచ్చు హెచ్చరిక. దానికై కొట్టినచో హెచ్చరిక మానును గాని కాటు మానదు. కోడిని పట్టిన గంటకు దండించుటయు వ్యర్థమే. ఆ దెబ్బ దేనికో దానికి తెలియదు. వేళకు మేత పెట్టి, కోళ్లు తిరుగువేళ కట్టి ఉంచుటయే మేలు. తినుచున్న కుక్క వద్దకును, పిల్లలు గల తల్లికుక్క వద్దకును బాలురను పోనీయరాదు.

గ్రామాధికారులకు

రోగము ముదిరిన కుక్కను పొరుగూరి పొలిమేరలో విడుచుట కొందరి అలవాటు. అట్లు విడిచిన కుక్కలు వీధికుక్కలలో కలియును. 2023 మే నెలలో కాజీపేటలో వీధికుక్కల దాడికి ఒక బాలుడు బలియైన సంగతి మరువరాదు. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, టీకాయు చేయించు బాధ్యతను 2023 నాటి నియమములు స్థానిక సంస్థలపై నుంచినవి. పెంపుడు కుక్కల పట్టిక వ్రాయించి, ఏటా జూలై 6న పశువైద్యశాలలలో జరుగు ఉచిత టీకాల సంగతిని ముందుగా చాటింపు వేయించుడు.

కాటు పడినచో

గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పెట్టరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. వరంగల్ మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రిలో ఈ టీకా ఇత్తురు. బొడ్డు చుట్టు 14 సూదులు పొడుచు పద్ధతి నేడు లేదు. చేతికి వేయు కొలది సూదులే చాలును. ఆ పాత భయముతో ఆలస్యము చేసినచో ప్రాణమే పోవచ్చును. కరచినది ఇంటి కుక్క యైనను, టీకా పడినదైనను, వైద్యునకు చూపుట మానరాదు. కుక్కను చంపక, కట్టి ఉంచి 10 దినములు కనిపెట్టవలెను.

మామునూరులో పశువైద్య కళాశాల కలదు. మండల వైద్యశాలలో నయము కాని రోగమును గూర్చి అక్కడ విచారింపవచ్చును. కాపలా కాచిన ప్రాణిని కనిపెట్టుట మన ధర్మము. మన ఇంటి క్షేమమునకును అదియే మార్గము.