మన ఊరి ముచ్చట ఎవరు రాయాలె?

రాయపోల్‌లో పొద్దున చాయ్ హోటల్ కాడికి పేపరు వస్తుంది. ఒకరు చదువుతరు, నలుగురు వింటరు. జిల్లా పేజీలో ఏముంటుంది? నాయకుని పుట్టినరోజు, సభ ఫోటో, రోడ్డు ప్రమాదం. మరి పత్తి ఏరినందుకు కిలోకు ఎంత ఇస్తున్నరు? ఉపాధి పని డబ్బులు ఎన్ని వారాలు ఆగినయి? కౌలుదారు పండించిన పంట ఎవరి పేరు మీద అమ్ముడుపోయింది? ఈ ముచ్చట్లు ఆ పేజీలో కనపడేది చాలా తక్కువ.

ఇది రాయపోల్ ఒక్కదాని గోస కాదు. సముద్రం దాటిపోయిన మన కూలీలు నూరేండ్ల కిందటనే దీన్ని అనుభవించారు.

నాటాల్ చెరకు తోటల్లో

1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా తరలించారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే పోయారు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వారిలో ఉన్నారు. మొదటి ఏడు కూలి నెలకు పది షిల్లింగులు. ఒప్పందం తీరినా తిరిగిపోక అక్కడే స్వేచ్ఛగా బతకాలనుకున్న వాళ్ల మీద 1895 చట్టం ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. అంటే ఆరు నెలల కూలి!

1903లో అక్కడ రెండు పత్రికలు పుట్టాయి. జులూ ప్రజల కోసం జాన్ డ్యూబే 'ఇలాంగా' పెట్టాడు. భారతీయుల కోసం గాంధీ పూనికతో 'ఇండియన్ ఒపీనియన్' వచ్చింది. అది ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషల్లో అచ్చయింది. తెలుగు లేదు! మొదటి రోజుల్లో వర్తకుల సమస్యలకే పెద్దపీట. 1906లో హిందీ, తమిళ భాగాలు సైతం ఆగిపోయాయి.

1913లో గనుల కూలీలు, చెరకు కూలీలు వేలాదిగా పని బంద్ పెట్టారు. ఆ సమ్మె వార్తలను ఆ పత్రికే వారం వారం అచ్చు వేసింది. 1914లో మూడు పౌన్ల పన్ను రద్దయింది. కూలీ కదిలినంకనే పేపర్ల అతనికి జాగా దొరికింది. తెలుగువాళ్లు తమ భాష నిలుపుకోవడానికి 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఇక్కడా అదే

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ తర్వాతనే పత్రికలు ఉద్యమానికి పేజీలు ఇచ్చాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది.

1989లో 'ఈనాడు' జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టినంక పల్లెల పేర్లు అచ్చులోకి రావడం పెరిగింది. అది మంచిదే. కాని మండల విలేకరికి చాలా చోట్ల జీతం లేదు. ప్రకటనలు తేవాలె. ప్రకటన ఇచ్చేది ఎవరు? నాయకుడు, కాంట్రాక్టరు, వ్యాపారి. వాళ్ల మీద రాయాలంటే ఆ విలేకరి కడుపు మాడ్చుకోవాలె. తప్పు ఆ పిలగానిది కాదు, ఏర్పాటుది.

ఇంకోటి. 2016లో మెదక్ జిల్లాను విడదీసి సిద్దిపేట జిల్లా చేశారు. రాయపోల్ ఇటు వచ్చింది. పక్కనున్న తూప్రాన్, చేగుంట మెదక్‌లోనే ఉన్నాయి. జిల్లాతో పాటు పేపరు పేజీ కూడా చీలింది. అక్కడ కూలి పెరిగితే ఇక్కడి పేజీలో కనపడదు. పనికి పోయే కూలీకి మాత్రం ఈ గీత అడ్డం లేదు.

మనం చేయాల్సింది

చదివి తిట్టుకుంటే లాభం లేదు. సంఘం మీటింగుల ఒకరికి రాసే పని అప్పజెప్పాలె. ఏ తారీఖున, ఏ ఊళ్లో, ఎంతమందికి, ఎన్ని రూపాయలు రావాలె, ఎన్ని వచ్చినయి — ఇవి రాస్తే చాలు, పెద్ద మాటలు అక్కర లేదు. మస్టరు నకలు దగ్గర పెట్టుకోవాలె. పేపరు వేసినా వేయకున్నా ఆ కాగితాన్ని పది మందిలో చదివి వినిపించాలె. పక్క జిల్లా సంఘానికీ పంపాలె.

నాటాల్ తెలుగు కూలీకి తన భాషలో ఒక్క పేజీ దొరకలేదు. మనకు భాష ఉంది, పేపరూ ఉంది. మన లెక్క మనం రాయకుంటే, దొర చెప్పిందే వార్త అయితది.